మనసు కుదుట: కోపం, దుఃఖం కట్టలు తెంచుకున్నప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అడిగింది ఒకటే. ఉద్వేగం ఒక్కసారిగా తన్నుకొచ్చినప్పుడు, తర్వాత కుమిలిపోయే పని చేయకుండా ఆగడం ఎలా? అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డీబీటీ అనే చికిత్సలో నేర్పే మెలకువలకు కేటాయించాం. అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ దీన్ని రూపొందించారు. పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నించే మహిళల కోసం మొదలైన ఈ చికిత్సపై తొలి పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. అంతకుముందు ఆమె ప్రవర్తన మార్చే పద్ధతులనే నమ్ముకున్నప్పుడు, తప్పంతా తమదే అంటున్నారని రోగులు నొచ్చుకున్నారు. ఉన్నదాన్ని ఒప్పుకోమని మాత్రమే చెబితే, తమ బాధ తీర్చే ప్రయత్నమే లేదన్నారు. దాంతో ఒప్పుకోవడం, మార్చుకోవడం రెండిటినీ జోడించి నడపాలని నిశ్చయించారు. కింది జవాబులన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ప్రశ్న: నా వయసు 26. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా ఆయన చెన్నైలో బిల్డింగు పనిలో ఉన్నారు. రాత్రి ఆయన ఫోన్ ఎత్తకపోతే నాకు ఒళ్లు తెలీదు. వరసపెట్టి చేస్తూనే ఉంటాను. ఎత్తాక నోటికొచ్చినట్టు తిట్టేస్తాను. పోయిన నెల ఫోన్ గోడకేసి కొట్టాను, నా చేతికి నేనే గాయం చేసుకున్నాను. కాసేపటికి సిగ్గుతో ఏడుస్తాను. కోపం తగ్గించుకో అని అందరూ అంటారు, ఎలగ తగ్గించుకోవాలో ఒక్కరూ చెప్పరు.
— ఒక సోదరి, పలాస

జవాబు: అమ్మా, ముందు ఒక మాట అడగాలి. గాయం చేసుకున్న రోజు చచ్చిపోవాలనిపించిందా? ఇప్పుడూ ఆ ఆలోచన వస్తోందా? వస్తుంటే చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఉంటే ఈరోజే పక్కింటివారి దగ్గరో పుట్టింట్లోనో పెట్టించండి. ప్రాణం మీదికి వచ్చే ఆ తీవ్రత చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాస్సేపూ ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకపోతే మనిషి బతికే అవకాశం బాగా పెరుగుతుంది. చావాలని లేకపోయినా, గాయం చేసుకోవడం దాకా వచ్చింది కాబట్టి డాక్టరును కలవాలి. ఎక్కడికి వెళ్లాలో చివరి జవాబులో ఉంది.

ఇక మీరు అడిగిన "ఎలగ". కోపాన్ని సున్నా నుంచి వంద దాకా అంకె వేసుకుని చూడడం అలవాటు చేసుకోండి. డెబ్బై దాటాక "పనిలో ఉండుంటార్లే" అని ఎంత చెప్పుకున్నా బుర్రకెక్కదు. మీకు సలహాలిచ్చినవారు ఇక్కడే పొరబడుతున్నారు: ఆలోచించే స్థితి దాటిపోయిన మనిషిని ఆలోచించమంటున్నారు. డెబ్బై పైన ఉన్నప్పుడు ముందు ఒంటిని చల్లబరచాలి.

ఫోన్ కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేయండి. ఆ అడుగులు నిజంగానే వేయాలి, ఊహలో కాదు. తర్వాత వెడల్పాటి గిన్నె నిండా చల్లటి నీళ్లు తీసుకుని, వంగి, ఊపిరి బిగబట్టి, నుదురు, కళ్లు, బుగ్గల పైభాగం మునిగేలా 15 నుంచి 30 సెకన్లు ఉంచండి. ఒకటి రెండుసార్లు మళ్లీ చేయొచ్చు. ముఖానికి చల్లదనం తగిలి, అదే సమయంలో ఊపిరి ఆగితే, నీళ్లలో మునిగినప్పటిలాగే గుండె వేగం తగ్గుతుంది. ఊపిరి బిగబట్టకుండా ఊరికే ముఖం కడుక్కునేవారికి ఇది సరిగా పనిచేయదు. మన వేసవిలో కుళాయి నీళ్లు గోరువెచ్చగా వస్తాయి, వాటితో లాభం లేదు. ఫ్రిజ్ సీసా నీళ్లు కలపండి. అలాగని గడ్డకట్టే చలీ వద్దు, 10 డిగ్రీల కంటే తగ్గకూడదు. గిన్నె వీలుకాకపోతే తడిగుడ్డలో ఐసుముక్కలు చుట్టి కళ్ల మీద, బుగ్గల మీద ఆనించి, వంగి ఊపిరి బిగబట్టండి. గుండెజబ్బు ఉన్నవారు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవారు, గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వాడేవారు, తిండి మానేసి బాగా చిక్కిపోయినవారు డాక్టరును అడగకుండా ఈ పని చేయకూడదు.

నీళ్లతో వచ్చే ఊరట కొద్ది నిమిషాలే. అది ఆవిరైపోయేలోపు ఊపిరి పని మొదలుపెట్టాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఐదారు శ్వాసలు పడతాయి. ఐదు నిమిషాలు చేయండి. "గట్టిగా ఊపిరి తీసుకో" అని చెప్పేవారి మాట వినొద్దు. గట్టిగా, లోతుగా పీలుస్తూ పోతే తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి, కంగారు ఇంకా పెరుగుతుంది. పీల్చడం మామూలుగానే ఉండాలి, వదలడం పొడుగ్గా ఉండాలి.

"చేశాను గానీ బాధ పోలేదు" అని చాలామంది అంటారు. ఇవి బాధ పోగొట్టే పద్ధతులు కావు. ఉన్న బాధ మీద ఇంకో కష్టం పడకుండా ఆపడానికి. తొంభై నుంచి అరవై ఐదుకు దిగితే పనిచేసినట్టే. ఇంకో సంగతి: తొంభై మీద ఉన్నప్పుడు మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు. రెండు వారాలపాటు రోజూ సాయంత్రం, మనసు బాగున్నప్పుడే ఊపిరి పద్ధతిని సాధన చేయండి.

మనసు నెమ్మదిగా ఉన్న రోజునే ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. కోపం చెప్పినట్టల్లా చేస్తే లాభమేమిటి, నష్టమేమిటి; ఆగితే లాభమేమిటి, నష్టమేమిటి. మొదటి గడిని ఖాళీగా వదిలేయకండి. తిట్టేశాక, గాయం చేసుకున్నాక కాసేపు తేలిగ్గా అనిపిస్తుంది కాబట్టే ఆ అలవాటు వదలడం లేదు. ఆ నిజం రాయకపోతే కాగితం నీతిపాఠంలా తయారవుతుంది, అవసరమైన వేళ దాన్ని తీసి చూడరు. మడిచి ఫోన్ కవరులో పెట్టుకోండి.

మళ్లీ అలాంటి రాత్రి వస్తే, మర్నాడు జరిగింది వరసగా రాయండి: ఆ రోజు ఎన్ని గంటలు నిద్ర, అన్నం ఎప్పుడు తిన్నారు, ఏ ఒక్క సంగతితో మొదలైంది, మొదట తట్టిన మాట ఏమిటి, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఏం చేశారు, తర్వాత ఏమైంది. నాలుగైదుసార్లు రాస్తే ఎక్కడ తెంచవచ్చో కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో రోజంతా పనిచేసి, ఆయన ఫోన్ వచ్చాక తిందామని పది దాకా అన్నం ముట్టకుండా కూర్చుంటున్నారేమో చూసుకోండి. అదే అయితే ఎనిమిదికే తినేయడంతో సగం మార్పు వస్తుంది.

మిగతా సగం ఆయనతో మాట్లాడి సాధించాలి. ఆదివారం పగలు, మీ అంకె ముప్పై లోపు ఉన్నప్పుడు ఇలా అడగండి: "ఈ వారం మూడు రాత్రులు మీరు ఫోన్ ఎత్తలేదు. నాకు భయమేసింది. రోజూ తొమ్మిదిన్నరకి రెండు నిమిషాలు మాట్లాడండి, కుదరని రోజు ఒక్క మెసేజ్ పెట్టండి. అప్పుడు నేను పదేపదే చేయను." జరిగినది, అనిపించినది, కావలసినది, దానివల్ల ఆయనకు ఒరిగేది, ఈ నాలుగే. పాత గొడవలు తెస్తే ఆయన వాటికే జవాబు చెబుతారు, మీరు అడిగింది పక్కకు పోతుంది. తొమ్మిదిన్నర కుదరదంటే ఏ సమయం కుదురుతుందో ఆయన్నే చెప్పమనండి.

ప్రశ్న: నరసన్నపేటలో బట్టల వ్యాపారం. మా అమ్మాయి విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సెలవులకు ఇంటికొస్తే చిన్న మాటకే ఏడుపు, తలుపు వేసుకోవడం, అన్నం మానేయడం. "ఇంత దానికేటి?" అంటే ఇంకా రెచ్చిపోతుంది. చివరికి అడిగింది ఇచ్చేస్తున్నాను. గట్టిగా ఉండమని మా ఆవిడ అంటుంది. ఎవరి మాట సరైనది?
— ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే సున్నిత స్వభావులు. వారికి ఉద్వేగం తొందరగా వస్తుంది, ఎక్కువగా వస్తుంది, దిగడానికి చాలాసేపు పడుతుంది. అలాంటి పిల్ల పక్కన ఉన్నవారు "ఇంత దానికేటి" అంటూ వస్తే, తన మనసు చెప్పేది నమ్మాలో వద్దో ఆ పిల్లకు తెలియకుండా పోతుంది. మామూలుగా చెబితే ఎవరూ వినరని నేర్చుకుని గొంతు పెంచుతుంది. అరిచాక మీరు అడిగింది ఇస్తున్నారు కాబట్టి ఆ పాఠం ఇంకా గట్టిపడుతోంది. ఒక్కోసారి గట్టిగా ఉండి, ఒక్కోసారి లొంగిపోవడం అన్నిటికన్నా చెరుపు. ఎప్పుడు ఇస్తారో తెలియదు కాబట్టి పట్టు వదలదు.

ఏడుపులో నిజమున్న భాగాన్ని పట్టుకుని, దాన్నే చెప్పండి. ఉదాహరణకు ఫోన్ కొనమని ఏడిస్తే: "హాస్టల్లో అందరూ ఫోన్ పట్టుకుని ఉంటే నీకొక్కదానికే లేకపోవడం కష్టంగా ఉందమ్మా. నీ వయసులో ఎవరికైనా అలాగే ఉంటుంది." అక్కడ ఆగిపోండి. వెంటనే "కానీ చదువు..." అని మొదలుపెడితే మొదటి మాట ఎవరూ వినరు. ఒక నిమిషం మౌనంగా కూర్చోండి. ఆమె నెమ్మదించాకే రెండో సంగతి: "పరీక్షల దాకా కొనను. ఆదివారాలు నా ఫోన్ గంటసేపు వాడుకో." బాధను గుర్తించడం మీ పని, అడిగినదల్లా ఇవ్వడం కాదు. తలుపు బాదడం, తిట్టడం సరేనని కూడా అనక్కర్లేదు. కోపం రావడంలో న్యాయం ఉంది, బాదడంలో లేదు. రెండూ వేర్వేరుగా చెప్పండి.

లొంగడం మానేసిన మొదటి రోజుల్లో అల్లరి తగ్గదు, పెరుగుతుంది. చాలామంది తల్లిదండ్రులు అప్పుడే భయపడి ఇచ్చేస్తారు, దాంతో ఇంకా పెద్ద అల్లరే పనిచేస్తుందని పిల్లకు నేర్పినట్టవుతుంది. కాబట్టి మీరూ మీ ఆవిడా ముందే కూర్చుని, ఏ ఒక్క విషయంలో గట్టిగా ఉంటారో నిర్ణయించుకోండి. అన్నిటిలోనూ ఒకేసారి వద్దు. అడగకుండా మామూలుగా మాట్లాడిన రోజున వెంటనే పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, ఆ శ్రద్ధే ఆమెకు ఎక్కువ కావాలి.

ఒక్క మినహాయింపు. "చచ్చిపోతాను" అన్న మాట నాటకమని ఎప్పుడూ కొట్టిపారేయవద్దు. "చచ్చిపోవాలని ఉందా అమ్మా? ఎలా అని కూడా అనుకున్నావా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి మండలం. మా ఆయనకు 44 ఏళ్లకే కిడ్నీలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్. "ఉన్నదాన్ని ఒప్పుకో" అని కౌన్సెలింగులో చెప్పారు. ఒప్పుకుంటే ఆశ వదులుకున్నట్టు కాదా? మా మామగారూ ఇలాగే పోయారు. ఎందుకు ఒప్పుకోవాలి?
— ఒక ఇల్లాలు

జవాబు: తల్లీ, మీ ప్రశ్నలోని కోపం న్యాయమైనది. ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్నా, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని చోట ఉంటున్నారు మీరు. దాన్ని "మంచిదే" అనుకోమని గానీ, "రాత" అని చేతులు ముడుచుకోమని గానీ ఎవరూ చెప్పకూడదు.

ఒప్పుకోవాల్సింది కొంచెమే, కానీ అది చాలా బరువైనది. ఆయన కిడ్నీలు ఇప్పుడు పనిచేయడం లేదు. వారానికి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం దగ్గర పోతాయి. ఆయన ఇదివరకటిలా చెట్టెక్కి కొబ్బరికాయలు దించలేరు. ఇంతవరకే. ఒప్పుకోనక్కర్లేనివి చాలా ఉన్నాయి: పిల్లలకూ వస్తుందన్న జోస్యం (అది భయం, ఇంకా జరిగినది కాదు), ఆసుపత్రిలో ఎవరైనా నిర్లక్ష్యంగా చూస్తే ఆ నిర్లక్ష్యం, "నీ రాతే అంత" అనే బంధువుల మాట.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. పడిపోయిన చెట్టు ఇంకా నిలబడే ఉందన్నట్టు ఎదురుచూసిన రైతు కొత్త మొక్క నాటలేడు. పడిందని చూసినవాడు ఏడ్చాడు, తర్వాత దుంగలు తీయించాడు, మొక్క పెట్టాడు. ఒప్పుకోవడం అన్నది ఆ చూడటమే. మార్పు దాని తర్వాతే మొదలవుతుంది.

చేసే పద్ధతి ఇది. రోజుకోసారి, పది నిమిషాలు చాలు. "ఇలా జరగకుండా ఉండాల్సింది" అని మనసు ఎక్కడ పోట్లాడుతోందో గమనించండి. బిగుసుకున్న దవడ, ముడిపడ్డ భుజాలు దాని గుర్తులు. చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టి వేళ్లు వదులు చేయండి, దవడ వదలండి. ఒక్క వాక్యం మెల్లగా అనుకోండి: "ఇది జరిగింది. దీనికి కారణాలున్నాయి, నాకు తెలియకపోయినా ఉన్నాయి. ఈరోజు ఇదే నా ముందున్నది." ఐదు నిమిషాల్లో మనసు మళ్లీ పోట్లాటకు దిగుతుంది. మళ్లీ తిప్పుకురావాలి. ఒకసారి ఒప్పుకుంటే అయిపోయే పని కాదిది, ఒకే రోజు పదిసార్లు చేయాల్సి రావచ్చు. ఇంకో సంగతి ముందే తెలుసుకోండి: నిజంగా ఒప్పుకున్న రోజు కోపం పోయి దుఃఖం వస్తుంది. బాగా ఏడుపొస్తుంది. పరిస్థితి దిగజారిందని భయపడి మానేయకండి. ఏడ్చాక ఒళ్లు కాస్త తేలికపడుతుంది. అయితే వారాల తరబడి నిద్ర, తిండి లేకుండా ఏడుపే ఉంటే అది కుంగుబాటు కావచ్చు, డాక్టరుకు చెప్పాలి.

పక్కనే మార్పు పని. ఇంట్లో పెద్దవాళ్లంతా, పిల్లల విషయంలో డాక్టరు చెప్పినప్పుడు వాళ్లూ, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోండి. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి మాత్రలు మింగే అలవాటు ఇంట్లో ఎవరికున్నా మాన్పించండి, చాలా నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు. డయాలసిస్ రోజుల్లో ఒక్కటి మీ ఆడపడుచుకో మరిదికో అప్పగించి, ఆ పూట మీరు నిద్రపోండి. అలసిన ఒంటికి ఈ పద్ధతులేవీ పట్టవు.

ప్రశ్న: 20 ఏళ్లు, విజయనగరం. ఆర్మీ సెలక్షన్ పరుగులో రెండోసారి పోయింది. ఫ్రెండ్స్ ముందుకు వెళ్లలేక నెల రోజులుగా ఇంట్లోనే ఉంటున్నాను. చీకటి పడ్డాకే బయటికొస్తాను. బయటికి రారా అంటారు, కాళ్లు కదలవు.

జవాబు: తమ్ముడూ, సిగ్గు వేస్తే దాక్కోమంటుంది, భయమేస్తే పారిపొమ్మంటుంది, దుఃఖం ముడుచుకుని పడుకోమంటుంది. అవి చెప్పినట్టు చేసినకొద్దీ బలపడతాయి. అందుకే ముందు నిజం చూడాలి. సెలక్షన్ పోవడం వల్ల నీ స్నేహితులు నిన్ను వెలివేశారా? ఎవరైనా ఎగతాళి చేశారా, లేక చేస్తారని అనుకుంటున్నావా? ఆ జట్టులో పోయినవారు ఇంకెంతమంది? సిగ్గుపడాల్సినంత తప్పు జరగలేదని తేలితే, సిగ్గు చెప్పినదానికి సరిగ్గా ఎదురు పని చేయాలి.

రేపు పొద్దున్న మీ ఊళ్లోని అయోధ్య మైదానానికి, మీవాళ్లు పరుగుకొచ్చే వేళకే వెళ్లు. చివర నిలబడి నేల చూస్తూ ఉంటే పనిచేయదు. సగం సగం చేయడమే ఇందులో తరచూ జరిగే పొరపాటు. తలెత్తి, కళ్లలోకి చూసి, మామూలు గొంతుతో "ఈసారీ పోయిందిరా, పరుగులోనే" అని నువ్వే ముందు చెప్పు. ఇరవై నిమిషాలు ఉండు. మొదటి రోజు గుండె దడదడలాడుతుంది, ముప్పై మీద ఉన్న సిగ్గు ఎనభైకి ఎక్కుతుంది. అది దిగకముందే వెనక్కి వచ్చేస్తే పారిపోవడమే మళ్లీ నేర్చుకున్నట్టు. వారంలో ఐదు రోజులు వెళ్లు. ఒకవేళ అక్కడ నిజంగానే ఏడిపించే గుంటడు ఒకడుంటే, అప్పుడు ఎదురు పని అక్కర్లేదు. వాడు లేని జట్టుతో పరిగెత్తు. వయసు పరిమితి ఎప్పటిదాకా ఉందో నోటిఫికేషన్‌లో చూసుకుని, అది దాటితే ఏం చేస్తావో కూడా ఈ వారంలోనే ఒక కాగితం మీద రాసిపెట్టుకో.

ప్రశ్న: ఈ చికిత్స మన జిల్లాలో దొరుకుతుందా? ఎంతకాలం పడుతుంది? మందులు మానేయవచ్చా?
— రాజాం పాఠకురాలు

జవాబు: అమ్మా, పూర్తిస్థాయి డీబీటీలో వారానికొక విడి సమావేశం, రెండు గంటలకు పైగా సాగే ఒక గుంపు తరగతి, అవసరమైన వేళ ఫోన్‌లో సాయం ఉంటాయి. మెలకువలన్నీ ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 24 వారాలు, సాధారణంగా రెండు చుట్లు కలిపి ఏడాది. అంతా ఒక్కచోట దొరకడం చిన్న ఊళ్లలో కష్టం. మొదట శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. తీవ్రమైన స్థితిలో విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా ఉండిపోతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం వారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు.

ప్రైవేటుగా కౌన్సెలరును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడగడం తప్పు కాదు. డీబీటీ ఎక్కడ నేర్చుకున్నారు, ఉద్వేగాలు, వాడిన మెలకువలు రోజూ రాసుకునే డైరీ కార్డు ఇస్తారా, గాయం చేసుకునే ఆలోచన వచ్చినప్పుడు రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అని కూడా అడగండి. కార్డు ఇవ్వకుండా, ఇంటి పని చెప్పకుండా వారం వారం వినడమే జరుగుతుంటే అది డీబీటీ కాదు. మందులు మీ అంతట మీరు మానవద్దు. కొన్ని హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, పాత జబ్బు తిరగబెట్టడం జరుగుతాయి. రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి. వాడుతున్న మాత్రల చీటీని కౌన్సెలరుకూ చూపించండి.